తాపీమేస్త్రి నడుము

ఇల్లు కట్టుచున్న చోట ఒక్క ఘడియ నిలిచి చూడని వారుండరు. కాని అక్కడ మన చూపు ఎప్పుడును గోడమీదనే యుండును. గోడ ఎంత లేచినది, మట్టము సరిగా వచ్చినదా, ద్వారబంధము ఎటు నిలిపినారు అని చూతుము. గోడ కట్టువాని వంక చూచుట అరుదు. మొన్న మా వీథి చివర ఒక ఇంటికి పునాదిమీద గోడలు లేపుచుండగా, నేను గడియారము చేతబట్టుకొని మేస్త్రినే చూచుచు నిలిచితిని. నేలమీద పోసిన ఇటుకల కొరకును, తట్టలోని మాలు కొరకును అతడు పది నిమిషములలో 22 మారులు వంగి లేచినాడు. ఎనిమిది గంటల పనిదినమునకు లెక్కవేసినచో 1,056 మారులు. బీడీ కాల్చుటకును మంచినీళ్లు త్రాగుటకును పోయిన కాలము తీసివేసినను వేయికి ఎంతో తక్కువ కాదు.

వేయి మారులు వంగి లేచుట యనగా నేమో తెలియవలెనన్న, చదువరులు తమ ఇంటిలో ఏబది మారులు నేలమీది వస్తువును వంగి తీసి చూడవచ్చును. వేయి అక్కరలేదు.

మన భాషకు ఈ సంగతి ఎన్నడో తెలిసినట్లున్నది. పనికి పూనుకొన్నవాడు నడుము కట్టినాడందుము. సోమరి కానివాడు నడుము వంచినాడందుము. శక్తికి మించి శ్రమపడినవానికి నడుము విరిగినదందుము. సాయంకాలము అతడు చాపమీద చేరబడినచో నడుము వాల్చినాడందుము. పని మొదలిడుట, చేయుట, చెడుట, ముగియుట, అన్నియు నడుము పేరనే జరుగుచున్నవి. పనిచేయునది చేతులే యైనను ఆ చేతులను పనివద్దకు దించి మరల పైకి తెచ్చునది నడుమే యని మన పెద్దలు గుర్తించినారు. కాని గుర్తించుట వేరు, దానికొక ఉపాయము వెదకుట వేరు. ఉపాయము వెదకిన కథ చాల ఆలస్యముగా మొదలైనది. అది మొదలైన తీరును, తరువాత అది త్రొక్కిన దారులను చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట ఈజిప్టు. ఆ దేశమున సుమారు 4,000 సంవత్సరములనాటి గ్రంథమొకటి కలదు. దువా ఖేతి యను నతడు తన కుమారుడైన పేపీని లేఖరుల పాఠశాలలో చేర్చుటకై నావలో తీసికొనిపోవుచు చేసిన బోధగా అది వ్రాయబడినది. లేఖరి వృత్తికి మించినది లేదని చెప్పుటకై ఆ తండ్రి తక్కిన వృత్తుల కష్టములను ఒక్కొక్కటిగా వర్ణించును. వారిలో గోడలు కట్టువాడును ఉన్నాడు. గాలిలో, ఒంటిమీద సరియైన బట్ట లేక పనిచేయు ఆ మనుష్యుని నడుము నొప్పిని అతడు ప్రత్యేకముగా చెప్పినాడు. ఈ పాఠమును తరువాత కొన్ని శతాబ్దములపాటు ఈజిప్టు బడిపిల్లలు చూచివ్రాతకు వాడినారు. తప్పులతడకలైన వారి ప్రతులే నేడు మనకు దొరకినవి. తాపీవాని నడుము నొప్పి చరిత్రకెక్కినది అతనిమీది జాలిచేత కాదు, పిల్లలు బడి ఎగగొట్టకుండుటకు. దీనిని తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వును వచ్చును, కొంచెము సిగ్గును కలుగును. మన ఇండ్లలోను చదువని పిల్లవానిని ‘ఇటుకలు మోయుటకు పోవుదువు’ అని బెదరించుట లేదా?

ఆ దేశముననే, థీబ్స్ నగరమునకు ఎదుట నైలునది పశ్చిమతీరమున, మూడవ థుట్మోసు రాజునకు మంత్రియైన రెఖ్మిరే సమాధి కలదు. అది క్రీస్తుకు పూర్వము 15వ శతాబ్దమునాటిది. దాని గోడమీద ఇటుకపని అంతయు చిత్రింపబడియున్నది. కొలనునుండి నీరు తెచ్చువారు, పారలతో మన్ను కలుపువారు, అచ్చులలో మన్ను పోయువారు, కావడివంటి బద్దతో ఇటుకలు మోయువారు కనబడుదురు. కఱ్ఱ పట్టుకొని కూర్చున్న పెత్తనదారులును ఉన్నారు. పని చేయుచున్న వారిలో అధికులు వంగియే యున్నారు. చిత్రకారుడు దీనిని ఫిర్యాదుగా వ్రాయలేదు, కంటికి కనబడినది వ్రాసినాడు.

మన దేశపు సంగతి చూతము. ఇటుక యను మాట సంస్కృతమునందలి ఇష్టకనుండి వచ్చినది. యజుర్వేదములోని అగ్నిచయనమునకు ఇష్టకలే ప్రధానము. డేగ ఆకారమున పేర్చు శ్యేనచితికి అయిదు వరుసలు, వరుసకు 200 చొప్పున వేయి ఇటుకలు. ఏ ఇటుక ఏ కొలతగలదియో, ఏ వరుసలో ఎటు ఉండవలెనో శుల్బసూత్రములు చెప్పును. తెలుగు దేశమున అత్యధికులు అనుసరించు ఆపస్తంబ సూత్రములలోను ఈ భాగము కలదు. ఆ లెక్కల సూక్ష్మతకు గణితశాస్త్రజ్ఞులు నేటికిని ఆశ్చర్యపడుచున్నారు. ఇంకను వెనుకటి హరప్పా, మొహెంజొదారో నగరములలో కాలిన ఇటుకలు మందమునకు రెట్టింపు వెడల్పు, దానికి రెట్టింపు పొడవు గలిగి, ఒకటి రెండు నాలుగు అను పాళ్లలో ఉన్నవి. అవి ఎంత గట్టివనగా 1850వ దశకమున లాహోరునుండి ముల్తానునకు రైలుమార్గము వేసినవారు హరప్పా ఇటుకలను త్రవ్వి తీసి పట్టాల క్రింద కంకరగా పోసినారు. చరిత్రను చదువువారికి ఇంతకన్న బాధాకరమైన విషయములు కొన్నియే కలవు.

ఇటుక కొలతలో ఒక యుక్తి ఇమిడియున్నది. నేడు మనము వాడు ఇటుక వెడల్పు ఒక చేతి పట్టునకు సరిపడును. మన ప్రమాణసంస్థ 1957లో నిర్ణయించిన ఇటుకయు 19 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు గలది. ఎడమచేత ఇటుకయు కుడిచేత తాపీయు పట్టుటకు వీలు కలిగినది దానివలననే. అన్ని కాలములలోను ఇట్లు లేదు. నాగార్జునకొండ మహాచైత్యమునకు వాడిన ఇటుకలు సుమారు 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గలవి. అట్టి ఇటుక 15 కిలోలకు తక్కువ యుండదు. దానిని రెండు చేతులతో గాని ఎత్తలేరు. కాలక్రమమున ఇటుక చేతికి అనుగుణముగా చిన్నదైనది. కాని అది ఎక్కడ పోసియుండవలెను అను ప్రశ్నను మాత్రము ఎవ్వరును వేయలేదు. అది నేలమీదనే యుండినది. మనుష్యుడు దాని కడకు వంగుచునే యుండినాడు.

ఇటలీలో బెర్నార్డినో రమజ్జీని అను వైద్యుడు 1700లో వృత్తులవలన కలుగు రోగములను గూర్చి ఒక గ్రంథము ప్రచురించినాడు. రోగిని చూడబోయిన వైద్యుడు, ప్రాచీనులు అడుగుమన్న ప్రశ్నలకు తోడు ‘నీవేమి పని చేయుదువు?’ అని కూడ అడుగవలెనన్నది అతని మాట. వృత్తిరోగములకు అతడు రెండు కారణములు చూపినాడు. చేతబట్టు పదార్థముల విషము ఒకటి. దేహమును వంకర భంగిమలలో నిలిపి, క్రమములేని కదలికలతో పనిచేయుట రెండవది. ఈ రెండవ కారణమును చెప్పుటకు అతడు వీథులలోను కార్ఖానాలలోను తిరిగి పనివారిని చూచినాడు. అయినను అతడు వైద్యుడు. నొప్పిని గుర్తించినాడు గాని గోడ కట్టు పద్ధతిని మార్చునంతటి అధికారము అతనికి లేదు. అది తాపీ చేతబట్టిన వానివలననే కావలసియున్నది.

అట్టివాడు అమెరికాలో దొరకినాడు. ఫ్రాంక్ బంకర్ గిల్‌బ్రెత్ 1868లో మెయిన్ రాష్ట్రమున జన్మించినాడు. బోస్టనులోని ప్రసిద్ధ సాంకేతిక విద్యాలయమున ప్రవేశించుటకు తగిన పరీక్షలు ఇచ్చియు, ఆ దారి విడిచి 1885లో, పదునేడవ యేట, ఆ నగరమునందే ఒక కట్టడపు కంపెనీలో ఇటుకపని నేర్చుకొను కుర్రవాడుగా చేరినాడు. మొదటి దినములలోనే అతనికొక చిక్కు వచ్చినది. నేర్పుటకు నియమింపబడిన మేస్త్రులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా నేర్పుచున్నారు. అంతటితో పోలేదు. ఒకే మేస్త్రి నెమ్మదిగా పనిచేయునప్పుడు ఒక తీరున, తొందరలో వేరొక తీరున చేతులాడించుచున్నాడు. కుర్రవానికి చూపునప్పుడు మూడవ తీరు! ఇందులో ఏది సరియైనది? మనలో ఎవరైనను ఊరకుండి తోచిన దానిని నేర్చుకొందుము. గిల్‌బ్రెత్ ఊరకుండలేదు.

అతడు మేస్త్రి చేయు ప్రతి కదలికను విడదీసి చూచినాడు. ఇటుకల కుప్పవైపు ఒక అడుగు వేయుట, వంగుట, ఇటుకను ఏరుట, చేతిలో త్రిప్పి దాని మంచి ముఖము ఏదియో చూచుట, లేచుట, మాలు వైపు తిరుగుట, మరల వంగుట, తాపీతో మాలు తీయుట, పరచుట, ఇటుకను దించుట, తాపీ పిడితో తట్టి మట్టమునకు తెచ్చుట, పొంగిన మాలును కోసివేయుట. ఇట్లు ఒక్క ఇటుకకు 18 కదలికలు తేలినవి. వీనిలో గోడకు పనికివచ్చునవి ఎన్ని? చాల తక్కువ. తక్కినవన్నియు ఇటుక ఉండవలసిన చోట లేనందువలన పుట్టినవి.

అప్పుడతడు చేసిన మార్పులు వినుటకు ఎంత చిన్నవి! సుమారు 1890కి తరువాత అతడొక పరంజాను కల్పించి దానికి హక్కుపత్రము పొందినాడు. ఆ పరంజాలో మేస్త్రి నిలుచు తట్టు ఒకటి. దానికన్న ఎత్తుగా ఇటుకలకును మాలునకును బల్లవంటి తట్టు వేరొకటి. గోడ ఎత్తు పెరిగినకొలది పరంజాను లేపుటకు ఒక కూలీని ప్రత్యేకించినాడు. అందుచేత గోడ తల, ఇటుకల బల్ల, మేస్త్రి నడుము, ఈ మూడును దినమంతయు ఒకదానికొకటి తగిన ఎత్తుననే యుండును. ఇటుకలు బల్లమీదికి రాకముందే కూలీ ఒకడు వానిని ఏరి, మంచి అంచు ఒకే వైపునకు వచ్చునట్లు చెక్కచట్రములో పేర్చి యుంచును. మేస్త్రి చూడకయే తీసికొనవచ్చును. మాలును ఇటుక చేతి ఒత్తిడికే దిగునంత పదునుగా కలిపించినాడు. దానితో తట్టుటయు పోయినది. ఎడమచేయి ఇటుక తీయుచుండగా అదే క్షణమున కుడిచేయి మాలు తీయవలెను. పాదములు ఎక్కడ ఉండవలెనో కూడ నిర్ణయించినాడు.

18 కదలికలు అయిదైనవి. ఒక రకపు గోడలో రెండింటికి కూడ దిగినవి. గంటకు ఒక్కొక్క మేస్త్రి 120 ఇటుకలు పేర్చు చోట 350 పేర్చినారు. అతడు 1895లో సొంత కంట్రాక్టు పనులు ప్రారంభించి, 1909లో ఇటుకపని పద్ధతిపై పుస్తకమును, 1911లో కదలికల పరిశీలనపై వేరొక పుస్తకమును ప్రకటించినాడు.

కార్ఖానాల పనికి శాస్త్రము కల్పించినానని ప్రకటించుకొన్న ఫ్రెడరిక్ టెయిలర్ 1911లోనే తన గ్రంథమున ఈ కథను విస్తరించి చెప్పినాడు. అతడు వేసిన లెక్క ఒకటి చూడదగినది. మేస్త్రి శరీరము 150 పౌన్లు. 5 పౌన్ల ఇటుక కొరకై అతడా శరీరమును రెండడుగులు దించి లేపుచున్నాడు, దినమునకు వేయి మారులు. నేను మా వీథిలో లెక్కించినదియు వేయియే. దానిని నేను పొడిగించి చూచితిని. ఇటుకల కొరకు చేసిన పని 10,000 అడుగుపౌన్లైనచో, శరీరము కొరకు చేసిన పని 3,00,000 అడుగుపౌన్లు. ఒక వంతు గోడకు, 30 వంతులు తన్ను తాను ఎత్తుకొనుటకు! వంగినప్పుడు శరీరమంతయు రెండడుగులు దిగదు, నడుమునకు పై భాగమే దిగును, కనుక టెయిలర్ లెక్క కొంత ఎక్కువ. సగము తీసివేసినను 15 వంతులు మిగులును. వేల సంవత్సరములుగా గోడలు కట్టినవారు ఇటుకలకన్న తమ్మునే ఎక్కువగా ఎత్తుకొన్నారన్నమాట.

ఇంతవరకు వినిన శ్రోతలు గిల్‌బ్రెత్‌ను కార్మికులు తలపై నుంచుకొని యుందురని తలచవచ్చును. అట్లు జరుగలేదు. మేస్త్రుల సంఘములు అతని పద్ధతిని అనుమానముతో చూచినవి. కారణము లేకపోలేదు. మూడు దినముల పని ఒక దినములో ముగిసినచో తక్కిన రెండు దినముల కూలి ఎవరిత్తురు? ఇటుకను ఎట్లు పట్టవలెనో, అడుగు ఎక్కడ వేయవలెనో ఒకరు నిర్ణయించినచో ఇరువది యేండ్లు నేర్చిన విద్య ఏమి కావలెను? కొత్త పద్ధతికి అలవడనివానిని తీసివేయవలెనని, అలవడినవానికి కూలి హెచ్చింపవలెనని టెయిలర్ స్పష్టముగానే వ్రాసినాడు. మొదటి సగమును కార్మికులు బాగుగా గుర్తుంచుకొన్నారు. బోస్టనుకు దగ్గరనే ఉన్న వాటర్‌టౌన్ ఆయుధశాలలో 1911 ఆగస్టులో గడియారపు పరిశీలనకు వ్యతిరేకముగా పోతపనివారు సమ్మెకట్టినారు. తరువాత అమెరికా చట్టసభ సైనిక కర్మాగారములలో గడియారముతో పని కొలుచుటను నిషేధించినది.

నాకు ఈ తగవులో ఇరుపక్షములును నిజమే చెప్పినవని తోచును. వంగుట తగ్గినది నిజము. కాని మిగిలిన కాలము మేస్త్రికి దక్కలేదు. వంగకుండ మిగిలిన ప్రతి క్షణమును వేరొక ఇటుక ఆక్రమించినది. గంటకు 350 ఇటుకలు పేర్చువాని నడుము బాగుండవచ్చును గాని అతని మణికట్టు, భుజము ఎట్లుండునని ఆ లెక్కలలో లేదు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. ఇటుకలను ఏరి చట్రములో పేర్చిన కూలీ ఎక్కడ నిలిచినాడు? నేలమీదనే. ఆ చట్రమును పైకెత్తినవాడెవ్వడు? అతడే. మేస్త్రి వంగుట మానివేసినది, కూలీ అతని బదులు వంగినందువలన. చవుకైన నడుముతో ఖరీదైన నడుమును కాపాడినారు. చరిత్ర పుస్తకములు 18, 5 అను రెండంకెలను చెప్పి ఈ మూడవ మనుష్యుని విడిచిపెట్టుట నాకు సబబుగా తోచదు.

అయినను గిల్‌బ్రెత్‌ను టెయిలరుతో ఒక్క గాట కట్టరాదు. టెయిలరుకు కాలము ముఖ్యము, గిల్‌బ్రెత్‌కు కదలిక ముఖ్యము. ఇద్దరికిని తుదకు పొసగలేదు. గిల్‌బ్రెత్ 1904లో లిలియన్ మోలర్‌ను వివాహమాడినాడు. ఆమె మనస్తత్వశాస్త్రమున 1915లో డాక్టరు పట్టము పొందిన విదుషి. దంపతులకు పన్నెండుగురు సంతానము. ఆ ఇంటి ముచ్చటలను వారి పిల్లలు 1948లో వ్రాసిన పుస్తకము నేటికిని జనప్రియము. ఆమె సహచర్యమున అలసట అను ప్రశ్న ముందుకు వచ్చినది. 1916లో ఇద్దరును కలిసి అలసటనుగూర్చి ఒక గ్రంథము వ్రాసినారు. అనవసరమైన అలసట మానవజాతికి కలుగు నష్టమన్నది వారి అభిప్రాయము. కూర్చొని చేయదగిన పనికి కుర్చీ ఇమ్మనిరి. నిలిచి చేయవలసిన పనికి తగిన ఎత్తున బల్ల ఇమ్మనిరి. మధ్యమధ్య విశ్రాంతి ఇమ్మనిరి. 1924లో గిల్‌బ్రెత్ ఆకస్మికముగా మరణించిన తరువాత ఆమె ఆ పనిని దాదాపు అర్ధశతాబ్దము కొనసాగించి 1972లో కన్నుమూసినది.

ఇక్కడ ఒక సరదా సంగతి. ఇంగ్లండులో విన్‌స్టన్ చర్చిల్ 1928లో ఆర్థికమంత్రిగా నుండి, చార్ట్‌వెల్‌లోని తన ఇంట గోడలు కట్టుట నేర్చుకొన్నాడు. తాపీపనివారి సంఘమున సభ్యత్వమును కూడ పుచ్చుకొన్నాడు. సంఘములో దానిపై పెద్ద గొడవ లేచినది. దినమునకు 200 ఇటుకలు, 2,000 మాటలు చొప్పున సాగుచున్నవని అతడు ప్రధానమంత్రికి జాబు వ్రాసినాడు. గిల్‌బ్రెత్ మేస్త్రికి అది ముప్పది అయిదు నిమిషముల పని! వినోదమునకు పేర్చు ఇటుక నడుమును నొప్పింపదు. ఎప్పుడు విసుగు పుట్టిన అప్పుడు తాపీ క్రింద పెట్టవచ్చును గదా.

వేరొక కొసను పోలెండు దేశము చూపును. రెండవ ప్రపంచయుద్ధమునకు తరువాత క్రాకో నగరమువద్ద నోవా హూతా అను ఉక్కుపట్టణమును కట్టుచు, 1950లో ఓజాన్‌స్కీ అను మేస్త్రి జట్టు ఒక్క పూటపనిలో 30,000కు పైగా ఇటుకలు పేర్చి రాజ్యముచే శ్రమవీరులుగా కీర్తింపబడినది. ఆంజే వాయ్దా తీసిన ‘పాలరాతి మనిషి’ చిత్రమునకు ఆ కథ ప్రేరణ. చిత్రములో ఆ వీరునికి ఎవరో కాలుచున్న ఇటుకను అందింపగా చేతులు చెడి, అతడు మరి ఇటుక పట్టలేకపోవును. లాభము కొరకైనను, రాజ్యము కొరకైనను, ఇటుకలు లెక్కించువారు ఇటుకలనే లెక్కించినారు.

నడుములో జరుగునదేమో వైద్యులకు స్పష్టముగా తెలిసినది ఇంచుమించు ఈ కాలముననే. మన నడుము భాగమున అయిదు వెన్నుపూసలు, వాని నడుమ మెత్తని బిళ్లలు ఉన్నవి. ఆ బిళ్ల చిట్లి వెలికి పొడుచుకొని వచ్చి నరమును ఒత్తుటవలన నడుమునుండి కాలిలోనికి దిగు నొప్పి కలుగునని మిక్స్‌టర్, బార్ అను ఇద్దరు శస్త్రవైద్యులు 1934లో ప్రకటించినారు. వారిదియు బోస్టను నగరమే. గిల్‌బ్రెత్ వంగి లేచిన ఊరిలోనే, అర్ధశతాబ్దమునకు, ఆ వంగుటకు లోపలి అర్థము కొంత తేటపడినది. 1960వ దశకమున స్వీడను దేశస్థుడైన నాకెమ్సన్ బ్రతికియున్న మనుష్యుల నడుముబిళ్లలోనికి సూది పంపి అందలి ఒత్తిడిని కొలిచినాడు. పండుకొన్నప్పుడు తక్కువ, నిలిచినప్పుడు ఎక్కువ, బరువుతో ముందునకు వంగినప్పుడు మరింత ఎక్కువ.

దీనికి కారణము త్రాసు సూత్రమే. వీపు కండరములు వెన్నునకు సుమారు అయిదు సెంటీమీటర్ల దూరమున లాగుచుండును. వంగిన మనుష్యుని మొండెము, తల, చేతుల బరువు దానికి ముందు ముప్పది సెంటీమీటర్ల దూరమున వ్రేలాడుచుండును. ఆ బరువు 35 కిలోలనుకొన్నచో దానిని నిలుపుటకు కండరములు 210 కిలోల బలముతో లాగవలెను. ఆ లాగుడు, పై బరువు, రెండును కలిసి బిళ్లమీదనే పడును. చేతిలోని మూడు కిలోల ఇటుక ఇందులో ఒక మూల.

బరువు మోతను గూర్చిన నియమములు తాపీవానికి అంతగా ఉపకరింపకపోవుటకు కారణమును ఇక్కడనే చూడవచ్చును. అంతర్జాతీయ శ్రామికసంస్థ 1967లో మనుష్యుడు మోయదగిన బరువును గూర్చి ఒప్పందము చేసినది. అమెరికా నిపుణులు 1991లో అన్ని విధముల అనుకూలముగానున్న చోట సయితము 23 కిలోలు మించరాదన్నారు. ఇవి మూటలు మోయువారికి మేలు చేయగలవు. ఇటుక ఏ నియమమును అతిక్రమింపదు. అది మూడు కిలోలే. జర్మనీ దేశము మాత్రము 1993నుండి, దీర్ఘకాలము బరువులెత్తుటవలన గాని, మిక్కిలి వంగి పనిచేయుటవలన గాని నడుముబిళ్లలు చెడినచో దానిని వృత్తిరోగముగా అంగీకరించినది. వంగుట కూడ ఒక భారమే యని చట్టము ఒప్పుకొనుట చిన్న విషయము కాదు. నెదర్లాండ్సులో ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో మేస్త్రులను పరిశీలించి, ఇటుకలను ఎత్తున నుంచినచో వారు మిక్కిలి వంగియుండు కాలము తగ్గుచున్నదని తేల్చినారు. గిల్‌బ్రెత్ చెప్పినదే! నూరేండ్లకు మరల కనిపెట్టవలసివచ్చినది.

ఏల మరచిపోయినారు? మనుష్యులు చాలినంతమంది దొరకు చోట నడుమును కాపాడుటకు బల్ల కొనుట ఎవ్వరికిని లాభము కాదు. మన పట్టణములలో కట్టడముల వద్ద చూడుడు. ఇటుకలను లారీనుండి నేలమీదికి దించినారు. నేలనుండి స్త్రీలు వంగి ఎత్తి తలమీద పేర్చుకొని, పరంజా బద్దలమీదుగా ఎక్కి, మరల మేస్త్రి పాదములవద్దనే దించుచున్నారు. తలమీద ఆరడుగుల ఎత్తున నున్న ఇటుక మరల పాదములవద్దకు దిగుట, అచటనుండి మేస్త్రి వంగి తీయుట! ఆ దించునదేదో నడుమెత్తు బల్లమీద దించినచో ఇద్దరి నడుములకును విశ్రాంతి. ఇది తెలియుటకు అమెరికా పుస్తకము అక్కరలేదు. కాని బల్లకు కఱ్ఱ కావలెను, దానిని లేపుటకు ఒక మనిషి కావలెను, దినమునకు ఇన్ని ఇటుకలని గుత్తకు ఒప్పుకొన్న మేస్త్రికి ఆ రెండును నష్టమే.

మా వీథిలోని మేస్త్రిని మరల కొన్ని దినములకు చూచితిని. గోడ నడుమెత్తు దాటినది. ఇటుకలు ఈమారు నేలమీద లేవు. రెండు ఖాళీ పీపాలు బోర్లించి వానిమీద ఒక పలక వేసి, దానిపై ఇటుకలును మాలు తట్టయు ఉంచుకొన్నాడు. సంతోషము పట్టలేక ‘మేస్త్రిగారూ, ఇది ఎవరు నేర్పినారు?’ అని అడిగితిని. అతడు తాపీ ఆపకుండనే, ‘ఎవరు నేర్పుతారు బాబుగారూ? నిన్న నడుం పట్టేసింది. ఇవ్వాళ వంగలేక పోతున్నాను’ అన్నాడు. నొప్పి తగ్గిన తరువాత కూడ దీనిని ఉంచుకొందురా యని అడిగితిని. నవ్వి ఊరకున్నాడు.

రెండు దినములైన పిమ్మట ఆ పలకను ద్వారములపై కమ్మీ పోతకు అచ్చుబల్లగా తీసికొనిపోయినారు. పీపాలలో నీరు పట్టినారు. మేస్త్రి తరువాతి గదికి మొదటి వరుస పేర్చుచున్నాడు. ఇటుకలు నేలమీద నున్నవి.